2004-05 ఒంటారియో హాకీ లీగు సీజను

2004-05 ఒంటారియో హాకీ లీగు సీజను కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రం కేంద్రంగా జరిగే జూనియర్ ఐస్ హాకీ లీగులో ఒక సంవత్సరపు పోటీల క్రమం. 2004 సెప్టెంబరులో మొదలైన ఈ సీజనులో 20 జట్లు ఒక్కొక్కటి 68 మ్యాచుల చొప్పున ఆడాయి. లండన్ నైట్స్ అనే జట్టు 59 మ్యాచులు గెలిచి, 120 పాయింట్లతో లీగు చరిత్రలోనే అత్యుత్తమ స్థానాన్ని సంపాదించింది. సీజను ఆరంభం నుండి వరుసగా 31 మ్యాచులు ఓడిపోకుండా ఆడి, కెనడా జూనియర్ హాకీలో అంతకు ముందున్న రికార్డును దాటింది. ఆ తరువాత లీగు విజేతకు ఇచ్చే జె. రాస్ రాబర్ట్‌సన్ కప్పును, దేశవ్యాప్త జూనియర్ విజేతకు ఇచ్చే మెమోరియల్ కప్పును కూడా గెలుచుకున్నది.

వృత్తి క్రీడాకారుల నేషనల్ హాకీ లీగు (ఎన్‌హెచ్ఎల్) ఒక్క మ్యాచి కూడా జరగకుండా రద్దయిన సంవత్సరం ఇదే. అందువలన పదహారు నుండి ఇరవై ఏళ్ళ లోపు కుర్రవాళ్ళ ఆటకు ఆ ఏడాది కెనడాలో మునుపెన్నడూ లేనంత ప్రాముఖ్యం లభించింది.

ఇందులో పేర్కొన్న లండన్ ఇంగ్లాండు రాజధాని కాదు. ఒంటారియో రాష్ట్రంలో టొరంటోకు నైరుతి దిశగా సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరం. నెల్లూరు నుండి చెన్నైకి వెళ్ళినంత దూరం అనుకోవచ్చు. అక్కడి నదికి కూడా థేమ్స్ అనే పేరు పెట్టుకున్నారు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఈ నగర జనాభా సుమారు 3.36 లక్షలు.

ఐస్ హాకీ ఆట

హాకీ అనగానే ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల పాఠశాల విద్యార్థికి గుర్తుకు వచ్చేది ధ్యాన్‌చంద్ ఆడిన పచ్చిక మైదానపు హాకీ. కెనడాలో హాకీ అంటే మాత్రం ఐస్ హాకీయే. ఆత్మకూరు దగ్గరి అనంతసాగరం చెరువు వంటిది అక్కడ ఉంటే, జనవరికల్లా పైపొర గడ్డకట్టి మనుషులు నడిచేటంత గట్టిపడుతుంది. అటువంటి చెరువుల మీద కాళ్ళకు స్కేట్లు కట్టుకొని ఆడుకున్న ఆటే తరువాత నియమాలు ఏర్పడి, కృత్రిమంగా గడ్డకట్టించిన మంచుతో కప్పు ఉన్న స్టేడియాలలోకి వచ్చింది.

ఉత్తర అమెరికా కొలతల ప్రకారం మైదానం పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టూ చెక్కగోడ వంటి అడ్డు ఉంటుంది. బంతికి బదులుగా పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళను ఉపయోగిస్తారు. ఇది క్యారమ్స్ స్ట్రైకరును బాగా పెద్దది చేసినట్లు ఉంటుంది. దాని వ్యాసం 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు సుమారు 170 గ్రాములు. జట్టుకు గోల్ కీపరుతో కలిపి ఆరుగురు మంచు మీద ఉంటారు. వేగం వలన ఒక ఆటగాడు నిముషం లోపే అలసిపోతాడు కాబట్టి, ఆట ఆగకుండానే ఒకరి తరువాత ఒకరు మారుతూ ఉంటారు. ఇరవై నిముషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. నియమం తప్పినవాడు సాధారణంగా రెండు నిముషాలు బయటి పెట్టెలో కూర్చోవాలి. కబడ్డీలో ఔటైనవాడు గీత బయట కూర్చున్నట్లే, ఆ సేపు వాని జట్టు ఒక మనిషి తక్కువతో నెట్టుకురావలసి ఉంటుంది.

గోల్ కొట్టినవానికి ఒక పాయింటు, ఆ గోల్‌కు ముందు పక్‌ను అందించినవారికి (ఇద్దరి వరకు) అసిస్టు పేరున ఒక్కో పాయింటు వ్యక్తిగత లెక్కలో చేరతాయి. క్రింద ఆటగాళ్ళ పాయింట్లు అని చెప్పినవన్నీ ఈ రెంటి మొత్తమే.

లీగు స్వరూపం

కెనడాలో అత్యున్నత స్థాయి జూనియర్ హాకీని కెనడియన్ హాకీ లీగు అనే సంస్థ నడుపుతుంది. దీని క్రింద మూడు ప్రాంతీయ లీగులు ఉన్నాయి. పడమటి రాష్ట్రాలకు వెస్టర్న్ లీగు, క్విబెక్ మరియు తూర్పు తీర రాష్ట్రాలకు క్విబెక్ లీగు, మధ్యలో ఒంటారియో లీగు. అమెరికా సరిహద్దు అవతలి జట్లు కొన్ని కూడా వీటిలో ఆడుతున్నాయి.

ఆటగాళ్ళ ఎంపిక పద్ధతి మన వారికి కొత్తగా అనిపిస్తుంది. పదిహేను, పదహారేళ్ళ కుర్రవాళ్ళను లీగులోని జట్లు ఏటా డ్రాఫ్టు అనే పద్ధతిలో వరుసక్రమంలో ఎంచుకుంటాయి. ఏ ఊరి జట్టు ఎంచుకుంటే ఆ ఊరికి పోవలసిందే. తల్లిదండ్రులను విడిచి, ఆ ఊరిలో జట్టు కుదిర్చిన ఒక కుటుంబం ఇంట్లో ఉండి, అక్కడి ఉన్నత పాఠశాలలో చదువుకుంటూ ఆడతారు. సెప్టెంబరు నుండి మార్చి వరకు వారానికి రెండు మూడు మ్యాచులు ఉంటాయి. ప్రయాణాలన్నీ బస్సులలోనే. ఉత్తరాన ఉన్న సూ సెయింట్ మేరీ వంటి ఊరికి ఒక్క వైపు ప్రయాణమే కొన్ని జట్లకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు ఉంటుంది. రాత్రి మ్యాచి ముగించుకొని బస్సు ఎక్కి, తెల్లవారి బడికి హాజరయ్యే విద్యార్థులు వీరు.

2004-05లో పోటీపడిన జట్లు నాలుగు విభాగాలుగా ఉండేవి. తూర్పు విభాగంలో ఒట్టావా 67స్, పీటర్‌బరో పీట్స్, కింగ్‌స్టన్ ఫ్రాంటెనాక్స్, బెల్‌విల్ బుల్స్, ఓషవా జనరల్స్. మధ్య విభాగంలో మిసిసాగా ఐస్‌డాగ్స్, బారీ కోల్ట్స్, సడ్‌బరీ వుల్వ్స్, బ్రాంప్టన్ బెటాలియన్, టొరంటో సెయింట్ మైకేల్స్ మేజర్స్. మిడ్‌వెస్ట్ విభాగంలో లండన్ నైట్స్, కిచెనర్ రేంజర్స్, ఓవెన్ సౌండ్ అటాక్, గ్వెల్ఫ్ స్టార్మ్, ఈరీ ఆటర్స్. పశ్చిమ విభాగంలో విండ్సర్ స్పిట్‌ఫైర్స్, సూ సెయింట్ మేరీ గ్రేహౌండ్స్, ప్లిమత్ వేలర్స్, సాగినా స్పిరిట్, సార్నియా స్టింగ్. వీటిలో ఈరీ పెన్సిల్వేనియాలోను, ప్లిమత్, సాగినా మిషిగన్‌లోను ఉన్న అమెరికా పట్టణాలు.

గెలుపుకు 2 పాయింట్లు, సమానమైతే చెరి 1, అదనపు సమయంలో ఓడితే 1 పాయింటు చొప్పున లెక్కించేవారు. మ్యాచి సమానంగా ముగియడానికి వీలున్న చివరి సీజను ఇది. 2005-06 నుండి షూటౌట్ పద్ధతి ప్రవేశపెట్టి, ప్రతి మ్యాచికీ ఒక విజేతను తేల్చడం మొదలుపెట్టారు. లండన్ నైట్స్ రికార్డును తరువాతి జట్లతో పోల్చేటప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

పెద్దల ఆట ఆగిన ఏడాది

ఎన్‌హెచ్ఎల్ జట్ల యజమానులకు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య జీతాల విషయంలో వివాదం ముదిరి, 2004 సెప్టెంబరు 16న యజమానులు లాకౌట్ మొదలుపెట్టారు. ఒక్కో జట్టు చెల్లించే మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి ఉండాలని యజమానులు, కూడదని ఆటగాళ్ళు పట్టుబట్టారు. రాజీ కుదరక 2005 ఫిబ్రవరి 16న సీజను మొత్తాన్ని, అంటే 1,230 మ్యాచులను రద్దు చేశారు. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద వృత్తి క్రీడా లీగు కార్మిక వివాదం వలన పూర్తి సీజనును పోగొట్టుకోవడం అదే మొదటిసారి. 2005 జూలైలో గాని ఒప్పందం కుదరలేదు. చివరకు జీతాల పరిమితి వచ్చింది.

స్టాన్లీ కప్పును ఎవరికీ ఇవ్వని సంవత్సరం అంతకు ముందు 1919 ఒక్కటే. అప్పుడు కారణం ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన కెనడా సైనికుల స్మారకంగా జూనియర్ల మెమోరియల్ కప్పు మొదలైనది కూడా ఆ 1919లోనే కావడం యాదృచ్ఛికమే అయినా గమనింపదగినది.

ఈ లాకౌట్ ప్రభావం ఒంటారియో లీగు మీద రెండు విధాలుగా పడింది. మొదటిది ప్రేక్షకులు. టీవీలో పెద్దల ఆట లేక, హాకీ చూడదలచినవారు తమ ఊరి జూనియర్ జట్టు వైపు తిరిగారు. రెండవది ఆటగాళ్ళు. అప్పటి ఒప్పందాల ప్రకారం జూనియర్ లీగుల నుండి ఎన్‌హెచ్ఎల్ జట్లు ఎంచుకున్న పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఎన్‌హెచ్ఎల్‌లోనైనా ఆడాలి, లేదా తన జూనియర్ జట్టులోనే ఉండాలి. మధ్యస్థాయి వృత్తి లీగులకు పోయే వీలు లేదు. ఎన్‌హెచ్ఎల్ మూతబడడంతో 1985లో పుట్టిన మంచి ఆటగాళ్ళంతా జూనియర్ లీగులలోనే మిగిలారు. లండన్‌లో కోరీ పెర్రీ, కిచెనర్‌లో మైక్ రిచర్డ్స్, సూ సెయింట్ మేరీలో జెఫ్ కార్టర్ ఇటువంటివారే. ముగ్గురినీ 2003లోనే ఎన్‌హెచ్ఎల్ జట్లు మొదటి రౌండులో ఎంచుకొని ఉన్నాయి. డాన్ ఫ్రిట్ష్ అప్పటికే కొలంబస్ జట్టు తరఫున ఎన్‌హెచ్ఎల్‌లో ఆడినవాడు. అతడు తిరిగి జూనియర్‌కు వచ్చి, మొదట సార్నియా, పిమ్మట లండన్ జట్లకు ఆడాడు.

లండన్ నైట్స్ పూర్వచరిత్ర

ఈ జట్టు 1965లో లండన్ నేషనల్స్ పేరుతో ఏర్పడి, 1968లో నైట్స్ అయింది. నలభై ఏళ్ళలో లీగు కప్పును ఒక్కసారి కూడా గెలవలేదు. 1995-96 సీజను మరీ అధ్వాన్నం. ఆడిన 66 మ్యాచులలో 3 మాత్రమే గెలిచి, 60 ఓడి, 3 సమానం చేసుకొని, ఏడాది మొత్తానికి 9 పాయింట్లు తెచ్చుకున్నది. తొమ్మిదేళ్ళ తరువాత ఇదే జట్టు 59 మ్యాచులు గెలుస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఊరివాళ్ళే నమ్మి ఉండరు.

2000లో సోదరులు డేల్ హంటర్, మార్క్ హంటర్ జట్టును కొన్నారు. వీరు లండన్‌కు పడమరనున్న పెట్రోలియా ప్రాంతపు వ్యవసాయ కుటుంబం నుండి వచ్చినవారు. ఇద్దరూ ఎన్‌హెచ్ఎల్ ఆటగాళ్ళే. డేల్ హంటర్ 1,407 మ్యాచులలో 1,020 పాయింట్లు సంపాదించాడు. 3,565 నిముషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చున్నాడు కూడా. ఈ రెండవ లెక్కలో ఎన్‌హెచ్ఎల్ చరిత్రలో అతనిది రెండవ స్థానం. ఇంతటి దుడుకు ఆటగాడు శిక్షకుడై, అతి తక్కువ గోల్స్ ఇచ్చే క్రమశిక్షణ గల జట్టును తయారుచేయడం విశేషం. డేల్ శిక్షణ, మార్క్ ఆటగాళ్ళ ఎంపిక చూసుకునేవారు.

2002 అక్టోబరులో నగరం నడిబొడ్డున జాన్ లబాట్ సెంటర్ అనే కొత్త స్టేడియం తెరిచారు. అంతవరకు జట్టు లండన్ ఐస్ హౌస్ అనే పాత మైదానంలో ఆడేది. కొత్తదానిలో సుమారు 9,000 మంది కూర్చోవచ్చు. జూనియర్ జట్టుకు ఇది చాలా పెద్ద స్టేడియం. (దీని పేరు 2012లో బడ్‌వైజర్ గార్డెన్స్‌గా, 2024లో కెనడా లైఫ్ ప్లేస్‌గా మారింది.)

2003-04లో నైట్స్ 53 మ్యాచులు గెలిచి, 110 పాయింట్లతో లీగులో మొదటి స్థానంలో నిలిచింది. కాని ప్లేఆఫ్‌లో పొరుగు జట్టు గ్వెల్ఫ్ స్టార్మ్ చేతిలో ఏడు మ్యాచుల పోరాటం తరువాత ఓడిపోయింది. ఆ ఏడాది కప్పు గ్వెల్ఫ్‌కే దక్కింది. కాబట్టి 2004 శరదృతువులో నైట్స్ ముందున్న ప్రశ్న మ్యాచులు గెలవగలరా అన్నది కాదు, చివరి వరకు నిలబడగలరా అన్నది. పైగా 2005 మెమోరియల్ కప్పుకు ఆతిథ్యమిచ్చే అవకాశం లండన్‌కే వచ్చింది. ఆతిథ్యమిచ్చే జట్టుకు నేరుగా ప్రవేశం ఉంటుంది. లీగులో ఓడిపోయి, ఆతిథ్యం పేరున పెద్ద పోటీలో అడుగుపెట్టడం ఏ జట్టుకైనా చిన్నతనమే.

ఓటమి లేని 31 మ్యాచులు

సెప్టెంబరులో మొదలుపెట్టిన నైట్స్ అక్టోబరు, నవంబరు నెలలలో ఒక్కసారి కూడా ఓడలేదు. అప్పటికి కెనడా జూనియర్ హాకీలో వరుసగా ఓడని మ్యాచుల రికార్డు 29. దానిని 1978-79లో పడమటి లీగులోని బ్రాండన్ వీట్ కింగ్స్ జట్టు నెలకొల్పింది. పాతికేళ్ళుగా దానిని ఎవరూ దాటలేదు.

2004 డిసెంబరు 10న సొంత స్టేడియంలో నైట్స్ తమ 30వ మ్యాచి ఆడింది. ఎదుటి జట్టు గ్వెల్ఫ్, ముందటి వసంతంలో తమను ఇంటికి పంపినదే. ఆ రాత్రి రెండు వైపులా ఒక్క గోల్ కూడా పడలేదు. 0-0తో మ్యాచి సమానమై, రికార్డు లండన్ పేరున చేరింది. సగటున మ్యాచికి నాలుగుకు పైగా గోల్స్ కొడుతున్న జట్టు గోల్ లేని మ్యాచితో చరిత్రకెక్కడం ఈ సీజనులోని వింతలలో ఒకటి. తరువాతి సంవత్సరం నుండి అటువంటి ఫలితానికి వీలే లేకుండా పోయింది.

మరొక మ్యాచి తరువాత వరుస 31కి చేరింది. అందులో 29 గెలుపులు, 2 సమానాలు. డిసెంబరు 17న సడ్‌బరీ వుల్వ్స్ 5-2 తేడాతో ఓడించడంతో ఈ వరుస తెగిపోయింది. సీజను దాదాపు సగం గడిచాక వచ్చిన మొదటి ఓటమి అది.

జట్టు బలం ఒకరి మీద ఆధారపడినది కాదు. ముందు వరుసలో పెర్రీతో పాటు డేవ్ బోలండ్, రాబ్ ష్రెంప్, శిక్షకుని కుమారుడు డిలన్ హంటర్, దెబ్బలాటకు వెనుదీయని బ్రాండన్ ప్రస్ట్ ఉన్నారు. వెనుక వరుసకు కెప్టెన్ డానీ సివ్రెట్, మార్క్ మెథట్ ముఖ్యులు. గోల్ కీపర్లు జెరాల్డ్ కోల్మన్, ఆడమ్ డెన్నిస్ ఇద్దరూ బాధ్యతను పంచుకున్నారు. డెన్నిస్ ముందటి ఏడాది గ్వెల్ఫ్ జట్టులో ఉన్నవాడు. జూనియర్ లీగులలో ఆటగాళ్ళను జట్ల మధ్య మార్చుకోవడం మామూలే. చదువు మధ్యలో ఊరు, బడి, ఉండే ఇల్లు అన్నీ ఒక్క ఫోను కబురుతో మారిపోవడం పదిహేడేళ్ళ కుర్రవానికి ఎంతటి కష్టమో పాయింట్ల పట్టికలో కనిపించదు.

ప్రపంచ జూనియర్ పోటీలు

క్రిస్మస్ సమయంలో లీగులోని మేటి ఆటగాళ్ళు తమ దేశాల జట్లకు వెళ్ళారు. అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ నగరంలో జరిగిన 20 ఏళ్ళ లోపువారి ప్రపంచ పోటీలలో కెనడా జట్టుకు కిచెనర్ ఆటగాడు మైక్ రిచర్డ్స్ నాయకుడు. పెర్రీ, సివ్రెట్, కార్టర్ సభ్యులు. లాకౌట్ వలన ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్ కూడా ఈ జట్టుకు దొరికాడు. క్విబెక్ లీగు నుండి పదిహేడేళ్ళ సిడ్నీ క్రాస్‌బీ వచ్చాడు. 2005 జనవరి 4న ఫైనల్లో రష్యాను 6-1 తేడాతో ఓడించి కెనడా స్వర్ణం గెలిచింది. పోటీలు మొత్తం మీద 41 గోల్స్ కొట్టి, 7 మాత్రమే ఇచ్చింది. జూనియర్ జాతీయ జట్లలో దీనిని మించినది లేదని పలువురి అభిప్రాయం.

లీగు దశ ముగింపు

వరుస తెగిన తరువాత కూడా నైట్స్ వేగం తగ్గలేదు. మిగిలిన 37 మ్యాచులలో 30 గెలిచి, 7 ఓడింది. మొత్తం లెక్క: 68 మ్యాచులు, 59 గెలుపులు, 7 ఓటములు, 2 సమానాలు, 120 పాయింట్లు. కొట్టిన గోల్స్ 310, ఇచ్చినవి 125. అంటే మ్యాచికి సగటున రెండు గోల్స్ కూడా ఇవ్వలేదు. లీగు దశలో ప్రథమ స్థానానికి ఇచ్చే హామిల్టన్ స్పెక్టేటర్ ట్రోఫీ వరుసగా రెండవసారి లండన్‌కు వచ్చింది.

కోరీ పెర్రీ 60 మ్యాచులలో 47 గోల్స్, 83 అసిస్టులతో 130 పాయింట్లు సాధించి లీగులో మొదటివాడయ్యాడు.

ప్లేఆఫ్ పోటీలు

ఇరవై జట్లలో పదహారు ప్లేఆఫ్‌కు అర్హత పొందుతాయి. ప్రతి దశలోను ఏడు మ్యాచులలో నాలుగు గెలిచిన జట్టు ముందుకు పోతుంది. మొదటి దశలో లండన్‌కు ఎదురైనది మళ్ళీ గ్వెల్ఫే. ఈసారి నాలుగు మ్యాచులలోనే పని ముగిసింది. రెండవ దశలో విండ్సర్ కూడా 4-0తో ఓడింది. మూడవ దశలో రిచర్డ్స్ నాయకత్వంలోని కిచెనర్ ఒక మ్యాచి గెలవగలిగింది గాని, 4-1తో నిష్క్రమించింది.

ఫైనల్లో ఒట్టావా 67స్ ఎదురైంది. దీని శిక్షకుడు బ్రయన్ కిల్రే కెనడా జూనియర్ హాకీలో దశాబ్దాల అనుభవం కలిగిన వృద్ధుడు. ఒట్టావా కూడా ఒక్క మ్యాచికి మించి గెలవలేకపోయింది. 4-1తో లండన్ తమ నలభై ఏళ్ళ చరిత్రలో మొదటిసారి జె. రాస్ రాబర్ట్‌సన్ కప్పును అందుకున్నది. ప్లేఆఫ్ 18 మ్యాచులలో 16 గెలుపులు. పెర్రీ వీటిలో 38 పాయింట్లు సాధించి, ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

2005 మెమోరియల్ కప్పు

మూడు లీగుల విజేతలు, ఆతిథ్య జట్టు కలిసి నాలుగు జట్లు ఈ పోటీలో ఆడతాయి. లండన్ ఆతిథ్య జట్టే విజేత కూడా కావడంతో ఒంటారియో లీగు రెండవ స్థానం ఒట్టావాకు దక్కింది. పడమటి లీగు నుండి కెలోనా రాకెట్స్, క్విబెక్ లీగు నుండి రిముస్కీ ఓషియానిక్ వచ్చాయి. కెలోనా ముందటి ఏడాది మెమోరియల్ కప్పు విజేత. రిముస్కీ సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. దాని జట్టులో క్రాస్‌బీ ఆ సంవత్సరం 62 మ్యాచులలో 168 పాయింట్లు సాధించి ఉన్నాడు. ఎన్‌హెచ్ఎల్ లేని ఆ వసంతంలో దేశమంతా ఎదురుచూసినది ఈ కుర్రవాని ఆటకే.

పోటీలు మే 21 నుండి 29 వరకు జరిగాయి. మనకు రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు కాసే రోజులలో అక్కడ కప్పు క్రింద కృత్రిమ మంచు మీద హాకీ నడిచింది. మొదటి మ్యాచే లండన్, రిముస్కీల మధ్య. అదనపు సమయంలో మెథట్ కొట్టిన గోల్‌తో లండన్ 4-3 తేడాతో గెలిచింది. తరువాత కెలోనాను, ఒట్టావాను కూడా ఓడించి నేరుగా ఫైనల్ చేరింది. కెలోనా ముందుగా వెనుదిరగగా, సెమీఫైనల్లో రిముస్కీ ఒట్టావాను ఓడించింది.

మే 29న ఫైనల్. మొదటి మ్యాచి వలె హోరాహోరీగా ఉంటుందని అందరూ ఊహించారు. అలా జరగలేదు. లండన్ 4-0తో గెలిచింది. అంతటి క్రాస్‌బీని ఒక్క గోల్ కూడా కొట్టనీయకుండా ఆపడమే ఆ మ్యాచిలో అసలు ఘనత. కీపరు ఆడమ్ డెన్నిస్ పోటీల ఉత్తమ గోల్ కీపరుగా, పెర్రీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. పోటీలలో ఎక్కువ పాయింట్లు (11) మాత్రం క్రాస్‌బీవే.

పురస్కారాలు

పురస్కారాలలో చాలా భాగం లండన్‌కే చేరాయి. లీగు ఉత్తమ ఆటగాడికి ఇచ్చే రెడ్ టిల్సన్ ట్రోఫీ, అత్యధిక పాయింట్లకు ఇచ్చే ఎడ్డీ పవర్స్ ట్రోఫీ పెర్రీకి లభించాయి. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికి ఇచ్చే మాక్స్ కమిన్‌స్కీ ట్రోఫీ సివ్రెట్‌కు, శిక్షకులకు ఇచ్చే మాట్ లేడెన్ ట్రోఫీ వరుసగా రెండవసారి డేల్ హంటర్‌కు, అతి తక్కువ గోల్స్ ఇచ్చిన కీపర్లకు ఇచ్చే డేవ్ పింక్నీ ట్రోఫీ కోల్మన్, డెన్నిస్‌లకు ఉమ్మడిగా వచ్చాయి. ఉత్తమ నూతన ఆటగాడిగా సడ్‌బరీకి చెందిన బెన్వా పూల్యో ఎంపికయ్యాడు. 2005 జూలై 30న జరిగిన ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్టులో క్రాస్‌బీ మొదటివాడు కాగా, ఓవెన్ సౌండ్ ఆటగాడు బాబీ రయన్ రెండవ స్థానంలోను, పూల్యో నాల్గవ స్థానంలోను ఎంపికయ్యారు.

పద్నాలుగేళ్ళ వానికి మినహాయింపు

ఈ సీజను చివరలో తీసుకున్న ఒక నిర్ణయం తరువాతి సంవత్సరాలపై ప్రభావం చూపింది. జాన్ టవారెస్ అనే బాలుడు 1990 సెప్టెంబరు 20న పుట్టాడు. లీగు డ్రాఫ్టుకు వయసు లెక్కించే గడువు తేదీ సెప్టెంబరు 15. ఐదు రోజుల తేడా వలన ఇంకొక ఏడాది ఆగవలసి వచ్చేది. లీగు అసాధారణ ప్రతిభ గలవారికి మినహాయింపు ఇచ్చే నిబంధనను తీసుకువచ్చి, అతనిని 2005 డ్రాఫ్టుకు అనుమతించింది. ఓషవా జనరల్స్ మొదటి ఎంపికగా అతనిని తీసుకున్నది. అప్పటికి వాని వయసు పద్నాలుగేళ్ళు. 2009లో ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్టులో కూడా టవారెస్ మొదటివాడే అయ్యాడు గనుక నిర్ణయం సరైనదే అనవచ్చు. అయితే ఇరవై ఏళ్ళ వారితో ఢీకొనే ఆటలోకి ఇంత చిన్నవారిని పంపవచ్చునా అనే చర్చ అప్పటి నుండి ఆగలేదు.

వేతన వివాదం

పెద్దల ఆట డబ్బు తగాదాతో ఆగిన ఏడాది, దాని చోటును నింపిన కుర్రవాళ్ళకు జీతం లేదు. ఒంటారియో లీగు ఆటగాళ్ళకు అప్పట్లో చేతిఖర్చుకు వారానికి కొద్ది పదుల డాలర్లు, వసతి, ఆట సామగ్రి ఇచ్చేవారు. ఆడిన సీజనుల సంఖ్యను బట్టి తరువాత కళాశాల చదువుకు సహాయం లభిస్తుంది. వీరు విద్యార్థి క్రీడాకారులే గాని ఉద్యోగులు కారని లీగుల వాదన. టిక్కెట్లు అమ్మి నడిపే వ్యాపారంలో ఆడేవారు ఉద్యోగులేనని, కనీస వేతనం ఇవ్వాలని కోరుతూ 2014లో కొందరు మాజీ ఆటగాళ్ళు మూడు లీగుల మీద సామూహిక దావా వేశారు. 2018లో ఒంటారియో ప్రభుత్వం ఇటువంటి ఆటగాళ్ళను కార్మిక ప్రమాణాల చట్టం నుండి మినహాయించింది. 2020లో 3 కోట్ల కెనడా డాలర్లకు రాజీ కుదిరింది. దానిలోని షరతులు మరీ విస్తృతంగా ఉన్నాయని న్యాయస్థానాలు మొదట ఆమోదించలేదు.

తరువాతి కాలం

2018లో మెమోరియల్ కప్పు పోటీలు నూరవసారి జరిగిన సందర్భంగా 2004-05 లండన్ నైట్స్‌ను శతాబ్దపు జట్టుగా ఎన్నుకున్నారు. 59 గెలుపులు, 120 పాయింట్ల రికార్డులు 2024-25 సీజను ముగిసే నాటికి కూడా చెక్కుచెదరలేదు.

ఆటగాళ్ళ జీవితాలు మాత్రం ఒకే తీరున సాగలేదు. పెర్రీ అనాహైమ్ జట్టుతో 2007లో స్టాన్లీ కప్పు, 2011లో ఎన్‌హెచ్ఎల్ అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ, 2010, 2014 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకాలు పొందాడు. తరువాత వేర్వేరు జట్లతో 2020, 2021, 2022, 2024, 2025 సంవత్సరాలలో ఫైనల్ చేరి ఐదుసార్లూ ఓడాడు. బోలండ్ షికాగో జట్టుతో 2010, 2013లో కప్పు గెలిచాడు. 2013లో విజయాన్ని నిర్ణయించిన గోల్, ఆట ఇంకా నిముషం కూడా లేదనగా అతడు కొట్టినదే. ప్రస్ట్, మెథట్ చాలాకాలం ఎన్‌హెచ్ఎల్‌లో ఆడారు. తొంభై పాయింట్లు చేసిన ష్రెంప్ అక్కడ 114 మ్యాచులకే పరిమితమయ్యాడు. కోల్మన్‌కు రెండు మ్యాచులే దొరికాయి. మెమోరియల్ కప్పు ఫైనల్లో క్రాస్‌బీని నిలువరించిన ఆడమ్ డెన్నిస్‌కు, డిలన్ హంటర్‌కు ఎన్‌హెచ్ఎల్‌లో ఒక్క మ్యాచి కూడా ఆడే అవకాశం రాలేదు. డిలన్ పిమ్మట తండ్రి వద్దనే నైట్స్ సహాయ శిక్షకుడయ్యాడు.

నైట్స్ జట్టు 2012, 2013, 2016, 2024, 2025లలో మళ్ళీ లీగు కప్పును, 2016, 2025లలో మెమోరియల్ కప్పును గెలిచింది. 2025 పోటీలకు ఆతిథ్యమిచ్చిన ఊరు రిముస్కీ. జూన్ 1న అక్కడ జరిగిన ఫైనల్లో మెడిసిన్ హాట్ టైగర్స్ జట్టును లండన్ 4-1 తేడాతో ఓడించినప్పుడు కూడా శిక్షకుడు డేల్ హంటరే.